వెటకారం మనది, బిల్లు ఎవరిది?

రాజకీయ గ్రూపుల్లో సరదాకి చేసే ట్రోలింగు గురించి ఈ పోస్టు. ముందు విజయవాడ మెట్రో మీద రెండు మెసేజీలు కింద ఇస్తున్నాను. రెండూ ఈ పోస్టు కోసం అల్లినవే. దయచేసి ఎక్కడా ఫార్వార్డ్ చేయకండి, ముఖ్యంగా మొదటిది.

“విజయవాడ మెట్రో ట్రయల్ రన్ ఈ నెల 20న. ఉదయం 6 నుంచి 10 గంటల వరకు బందరు రోడ్డులో బెంజి సర్కిల్ వైపు వాహనాలకు అనుమతి లేదు. ప్రజలు సహకరించగలరు.” పైన ప్రభుత్వ చిహ్నం, కింద ఎవరిదో అర్థం కాని సంతకం ఉన్నాయనుకోండి.

“విజయవాడ మెట్రో తొలి రైలు ఫిబ్రవరి 30న బస్టాండు నుంచి పెనమలూరుకు బయల్దేరును. ప్రయాణికులకు టికెట్టు బదులు డీపీఆర్ కాపీ ఇవ్వబడును. రానూపోనూ కావలసినవారికి సవరించిన డీపీఆర్. 2015 నుంచి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నవారికి కిటికీ పక్క సీటు.”

మొదటి దాంట్లో అసలు జోకే లేదు. నమ్మినవాణ్ని చూసి నవ్వుకోవడం ఒక్కటే ఉంది. పటమట ఆటో అతను ఏలూరు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్తాడు, ఆస్పత్రి అపాయింట్‌మెంటు ఉన్నవాళ్లు గంట ముందే ఇల్లు కదులుతారు, పోస్టు పెట్టినవాడు మాత్రం మంచం దిగకుండా స్క్రీన్‌షాట్లు పోగేసుకుంటాడు. రెండోది అలా కాదు. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ డీపీఆర్, అంటే ప్రాజెక్టు సమగ్ర నివేదిక, ఇచ్చింది, తర్వాత ప్రభుత్వాలు మారాయి, డీపీఆర్‌లు మారాయి. ఇప్పుడు చెబుతున్న మొదటి దశ గన్నవరం నుంచి బస్టాండుకు ఒక లైను, బస్టాండు నుంచి పెనమలూరుకు ఇంకొకటి, కలిపి 38.4 కిలోమీటర్లు. రైలు మాత్రం కాగితం దిగలేదు. ఆ జోకుకి ఏ పార్టీ అభిమాని ఉడుక్కున్నా పక్క పార్టీవాడు కూడా కాస్త ఉడుక్కోవాల్సిందే. బండి పక్కకి తిప్పుకునేవాడు మాత్రం ఎవడూ ఉండడు.

రాజకీయ గ్రూపుల్లో సరదాకి చేసే ట్రోలింగు తప్పా ఒప్పా అంటే నేను చూసేది ఇదొక్కటే. జోకు పేలాక బిల్లు ఎవరి ఇంటికి వెళ్తోంది? నాయకుడి ఇంటికా, ఆయన తరఫున టీవీ డిబేట్లలో కూర్చునే అధికార ప్రతినిధి ఇంటికా, లక్షల ఫాలోయర్లున్న పేజీ అడ్మిన్ ఇంటికా, లేక సెల్‌ఫోన్‌లో జెండా డీపీ పెట్టుకున్న మిర్చి యార్డు గుమస్తా ఇంటికా? “సరదాకే కదా” అన్న మాట ఈ ప్రశ్నకు జవాబు కాదు. సరదా ఉద్దేశం గురించి చెబుతుంది, బిల్లు సంగతి చెప్పదు.

గిల్లడం మనకేం కొత్త కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటే వాళ్లలో ఒకరి పనే అప్రస్తుత ప్రసంగం. అవధాని ఒక పక్క సమస్య పూరిస్తూ, నిషిద్ధాక్షరి తప్పించుకుంటూ, దత్తపది గుర్తు పెట్టుకుంటూ ఉంటే ఈయన మధ్యలో దూరి “అయ్యా, అలిగిన ఆవిడను ఏ ఛందస్సులో బతిమాలాలి?” అంటాడు. ధారణ చెడగొట్టడానికే పెట్టుకున్న మనిషి. అయినా సభలో ఎవరికీ కోపం రాదు. ఆయన పేరు మొదట్లోనే చదివారు. ఆయన గిల్లేది ఆ వేదిక మీద అందరికంటే గట్టివాణ్ని. ఆ గట్టివాడి ముందు మైకుంది, తిరిగి చురక వేస్తాడు, ఆ చురకకే చప్పట్లు ఎక్కువ. మూడో వరసలో కునికే పెద్దాయన చొక్కా మీద అప్రస్తుత ప్రసంగి జోకు వేయడు. ఆన్‌లైన్‌కి వచ్చేసరికి పేరు పోయింది, ఎదుటివాడి స్థాయి చూసుకోవడం పోయింది, తిరిగి అనే వీలూ పోయింది. నవ్వొక్కటే మిగిలింది.

పేరు దాచుకోవడాన్ని మాత్రం నేను తప్పు పట్టను. ఏ ప్రభుత్వం ఉన్నా పోస్టుల మీద 41ఏ నోటీసులు, అంటే విచారణకు రమ్మనే పోలీసు నోటీసులు, వెళ్లే రాష్ట్రం మనది. ఉద్యోగం చేసుకునేవాడు, అద్దె ఇంట్లో ఉండేవాడు మారుపేరుతో రాస్తే అందులో పిరికితనం ఏమీ లేదు. ఒకే మారుపేరుతో ఏళ్ల తరబడి వెటకారం రాస్తే ఆ పేరుకి ఒక బాధ్యత వస్తుంది, పాఠకుడికి అది వెటకారం ఖాతా అని తెలిసిపోతుంది. సమస్యల్లా మారుపేరుతో కాదు, మారువేషంతో. దాని సంగతి తర్వాత వస్తుంది, ముందు తయారీ.

వాట్సాప్‌లో జోకు మీరు పెట్టిన చోట ఉండదు. కింద రాసిన క్యాప్షన్‌ని ఫార్వార్డ్ చేసేవాడు తీసేయగలడు. మీరు పెట్టిన నవ్వు ఎమోజీ స్క్రీన్‌షాట్‌లోకి రాదు. మీ పేజీ పేరు మూలన చిన్నగా ఉంటే స్టేటస్‌కి క్రాప్ చేసేటప్పుడు ఎగిరిపోతుంది. 2005లో నేథన్ పో అనే ఆయన అన్న మాటొకటి ఇంటర్నెట్‌లో సూత్రంలా నిలిచిపోయింది: వెటకారమని తెలిసే గుర్తు లేకపోతే, ఎంత అతిగా రాసినా నిజమనుకునేవాడు ఒకడుంటాడు. తెలుగు రాజకీయాల్లో ఈ ఇబ్బంది రెట్టింపు. ఇక్కడ నిజంగా అన్న మాటలే వెటకారంలా ఉంటాయి, అతిశయోక్తికి మిగిలే జాగా చాలా తక్కువ.

అందుకని గుర్తు అంచున కాదు, జోకు కడుపులో ఉండాలి. ఫిబ్రవరి 30 లాంటి లేని తేదీ. “వాయిదాల శాఖ” లాంటి లేని శాఖ. సంతకం చోట “ఇట్లు, ఇంకా సంతకం చేయనివారు”. తేదీని కోసేస్తే వార్తే పోతుంది కాబట్టి ఎవడూ కోయడు. ఒక్క అసాధ్యం చాలదు, రెండు మూడు ఉండాలి. చదివేవాడి కన్ను మొదటి వాక్యం మీద, అంకెల మీద ఆగుతుంది, కాబట్టి కనీసం ఒకటి మొదటి వాక్యంలోనే పడాలి. చివరి వాక్యంలో గుట్టు విప్పుదామనుకునే జోకులు కథల్లో బాగుంటాయి. ఫోన్‌లో “రీడ్ మోర్” దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎక్కువ, గుట్టు దాని కింద ఉండిపోతుంది.

బొమ్మ విషయంలో ఇంకో రెండు జాగ్రత్తలు. అసలు పత్రిక మాస్ట్‌హెడ్డు, అసలు చానల్ బ్రేకింగ్ ప్లేటు, పొట్టి వార్తల యాప్ కార్డు, పార్టీ లెటర్‌హెడ్డు వాడొద్దు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కాలమ్ కట్టి జిల్లా ఎడిషన్ క్లిప్పింగులా దించేయడం డీటీపీ తెలిసినవాడికి పావుగంట పని, అందుకే ఎన్నికల ముందు అలాంటివి కుప్పలుగా వస్తాయి. చేతనైనంత మాత్రాన అది వ్యంగ్యం అయిపోదు. మీకంటూ ఒక రంగు, ఒక మూస పెట్టుకోండి, పేరు మూలన కాకుండా బొమ్మ మధ్యలో అక్షరాల వెనక పెద్దగా లేతగా వచ్చేట్టు వేయండి. సినిమా మొహాలు పెట్టే మీములకు ఈ బెడద లేదు. సత్తెనపల్లి పక్క ఊళ్లో పుట్టిన బ్రహ్మానందం గారి మొహం కనిపించగానే ఇది జీవో కాదని ముసలాళ్లకీ అర్థమవుతుంది. తెలుగువాళ్ల రాజకీయ వెటకారాన్ని ఆయన హావభావాలు ఎన్నిసార్లు కేసుల పాలవకుండా కాపాడాయో ఎవరూ లెక్క రాయలేదు గానీ, రాయాల్సిందే.

పంపే ముందు పరీక్ష కూడా తేలికే. ఇద్దరికి చూపించండి. ఒకరు ఎదుటి పార్టీ మనిషి, ఒకరు అరవై దాటినవారు. క్యాప్షన్ లేకుండా, ముందు ఏమీ చెప్పకుండా, ఫోన్‌లో పది సెకన్లు. ఇద్దరిలో ఎవరైనా “నిజమేనా?” అని అడిగితే అది జోకు కాలేదు, పుకారు అయింది. “వీడికేం పనిలేదు” అంటే పంపొచ్చు.

ఎంత గుర్తు పెట్టినా ముట్టుకోకూడని విషయాలు కొన్నున్నాయి. పింఛను తీసుకోండి. 2024 జూలై 1న సామాజిక పింఛనుదారుల చేతికి నిజంగానే 7 వేల రూపాయలు వచ్చాయి. పెంచిన 4 వేలు, వెనక మూడు నెలల బాకీ నెలకు వెయ్యి చొప్పున 3 వేలు. అలాంటి నెల ఒకసారి చూసిన అవ్వకి “ఈ నెల పింఛను 9 వేలు, ఆధార్ జిరాక్సు తెచ్చుకోండి” అన్న మెసేజీలో అసాధ్యం ఏముంది? మనవడు చదివి వినిపిస్తాడు, ఆవిడ జిరాక్సు తీయించుకుని సచివాలయం మెట్లెక్కుతుంది. ప్రభుత్వం మాట తప్పుతోందని ఎత్తిపొడవాలని రాసినవాడి ఉద్దేశం, ఎండలో నడిచింది ఆవిడ. రేషన్, అర్హుల జాబితాలు, పరీక్షా ఫలితాలు, వాన పడిన రోజు “కలెక్టర్ సెలవిచ్చారు” అన్నవి కూడా ఇదే కోవ.

వరద ఇంకా ఘోరం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి రాత్రి గట్టు మీద, గేట్ల మీద, పడవల మీద వేసే ఏ జోకయినా మేడ మీద కూర్చున్నవాడికి సమాచారంగానే చేరుతుంది. ఫోన్‌లో ఛార్జింగు పదిశాతం ఉన్నవాడు వ్యంగ్యాన్ని విశ్లేషించడు. నీళ్లు తీశాక, పరిహారం లెక్కలు మొదలయ్యాక నాయకుల మీద ఎంత చురక వేసినా తప్పులేదు, వేయాలి కూడా.

పోలింగు తేదీ మీద, ఓటరు జాబితా మీద, “ఫలానా పార్టీవాళ్లు రేపు వేయాలి” తరహా పాత జోకు మీద కూడా చేయి వేయొద్దు. 2024 మే 13న రాష్ట్రమంతా ఒకే రోజు పోలింగు జరిగితే హైదరాబాదు నుంచి జనం బస్సులు పట్టుకుని ఊళ్లకొచ్చారు. ఒక తేదీ తేడా పడితే ఒకడి ఓటూ పోయినట్టే, ఛార్జీ డబ్బులూ పోయినట్టే. దొంగ సర్వే కార్డు సంగతి ఇంకా చిత్రం. కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఎన్నికలంటే పందేల సీజను. సరదాకి తయారు చేసిన “ఎగ్జిట్ పోల్” కార్డు పట్టుకుని ఎవడో రేటు మారుస్తాడు, ఎవడో బయానా ఇస్తాడు. మీరు నవ్వించింది పదిమందిని, ముంచింది ఒకణ్నే అయినా, వాడి ఇంట్లో ఆ లెక్క చెల్లదు.

ఇక మారువేషం. ఎదుటి పార్టీ గ్రూపులో ఫేక్ ఐడీతో చేరి, జెండా డీపీ పెట్టి, అభిమానిలా నటిస్తూ సరదా చేయడం. దీంట్లో కూడా మెట్లున్నాయి, అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

చేరి ఊరికే చదవడం వల్ల ఎవరికీ నష్టం లేదు, పైగా మంచిది. పేటీఎం బ్యాచ్ అనీ, పచ్చ బ్యాచ్ అనీ మనం పిలుచుకునేవాళ్లు ఇంటి లోపల ఏం మాట్లాడుకుంటారో తెలుస్తుంది. వాళ్లకీ కరెంటు బిల్లు మీదే కోపమని చూస్తే సగం ట్రోలింగు దానంతట అదే ఆగుతుంది.

తర్వాతది అతిపొగడ్త. “మన నాయకుడు నడిచిన చోట తారు రోడ్డు దానంతట అదే పరుచుకుంది, కాంట్రాక్టరు బిల్లు వెనక్కిచ్చేశాడు” అని రాయడం. నాకు ఇది నచ్చుతుంది. భజన ఎక్కడ ఆగాలో ఆ గ్రూపుకే ప్రశ్న వేస్తుంది, ఎవరినీ తిట్టదు. కానీ ఇది చెడే దారి ఒకటుంది. ఎలివేషన్ రాసేవాడు దాన్ని సీరియస్‌గా తీసుకుని, కాంట్రాక్టరు ముక్క తీసేసి, పేజీలో వేస్తాడు. అప్పుడు మీరు ఆ పార్టీ సోషల్ మీడియా విభాగానికి జీతం లేని రచయిత అయ్యారు. పొగడ్త అచ్చం వాళ్ల పొగడ్తలాగే ఉంటే అది వెటకారం కాదు, సేవ.

మూడోది ఎర. “మనవాళ్లని వాళ్లు ఇంత మాటన్నారు, ఊరుకుంటారా?” అని రెచ్చగొట్టి, కింద వచ్చిన బూతుల్ని స్క్రీన్‌షాట్ తీసి “చూడండి వీళ్ల సంస్కారం” అని బయట పెట్టడం. నాలుగోది అంతకంటే నీచం: ఆ బూతు కూడా తన ఫేక్ ఐడీతోనే రాసుకుని, దాన్ని ఆ పార్టీ అభిమాని మాటగా చూపించడం. ఈ రెండింటినీ హాస్యం ఖాతాలో వేసే వాదన నేను ఒప్పుకోను. నాలుగోది దొంగ సాక్ష్యం తయారీ. మూడోదాంట్లో బూతు రాసినవాడు తప్పు చేశాడు నిజమే, కానీ అగ్గిపుల్ల అందించింది మీరు. ఇంకో సంగతి, వేషం విప్పితే జోకు నిలబడుతుందా అని చూడండి. అతిపొగడ్త రాసినవాడు చివర్లో “నేను వెటకారం ఖాతాని” అని చెప్పేస్తే నవ్వు ఇంకాస్త పెరుగుతుంది. ఎర వేసినవాడు చెప్పేస్తే గుట్టు రట్టవుతుంది, అంతే.

ఫేక్ ఐడీల వల్ల జరిగే అసలు నష్టం బయట కనబడదు. ఏ పార్టీ గ్రూపులోనైనా ఒకరిద్దరు ఉంటారు, “అన్నా, మన ఎమ్మెల్యే ఇసుక విషయంలో చేసేది బాగాలేదు” అని అడిగేవాళ్లు. పార్టీకి పనికొచ్చేది వాళ్లే. గ్రూపులో ఒక దొంగ అభిమాని దొరికాడనుకోండి, మర్నాటి నుంచి అడ్మిన్లు కోవర్టుల వేట మొదలెడతారు. వేటలో మొదట పోయేది ఆ ప్రశ్న అడిగినవాడే. నిజమైన కోవర్టు మాత్రం రోజూ పొద్దున్నే జై కొడుతూ భద్రంగా ఉంటాడు. అలా ఆర్నెల్లు గడిచేసరికి గ్రూపులో భజన తప్ప ఏమీ మిగలదు, అప్పుడు మనమే “వీళ్లకి బుర్ర లేదు” అని నవ్వుతాం. బుర్ర ఉన్నవాణ్ని బయటికి పంపించడంలో మన చేయి ఉందని గుర్తుండదు.

ఎవరి మీద వేయాలన్నదానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. నాయకుడి పాత వీడియో, కొత్త వీడియో పక్కపక్కన పెట్టడాన్ని మించిన ట్రోల్ లేదు, అందులో మీ మాట ఒక్కటీ ఉండదు. రాజధాని మీద 2014 నుంచి ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం అన్నారో వెతికితే అన్ని పార్టీలకూ సరిపడా సరుకు దొరుకుతుంది. కాకపోతే తేదీ, సభ జరిగిన ఊరు తెర మీద వేయండి. వాక్యం మధ్యలో కోయొద్దు, ముందూ వెనకా ఒక్కో వాక్యం ఉంచండి. 20 సెకన్లు ఎక్కువైనా పర్వాలేదు. “ఒకవేళ” అన్న మాట కోసేసి మిగతాది చూపించే క్లిప్పులు రెండు వైపులా ఉన్నాయి, అవి పట్టుబడ్డ రోజున నిజమైన క్లిప్పు విలువ కూడా పడిపోతుంది.

కింది మెట్టు అభిమాని మీద వేయకండి. ముఖ్యంగా అతని తెలుగు టైపింగు మీద. “అభివృద్ది” అని ఒత్తు మరిచాడని, “ప్రబుత్వం” అని రాశాడని స్క్రీన్‌షాట్ తీసి నవ్వడం రాజకీయ హాస్యం కాదు, చదువుకున్న ఇంట్లో పుట్టినవాడి పొగరు. యాస మీద, ఒంటి మీద, నాయకుల ఇళ్లలో ఆడవాళ్ల మీద వేసేవాటి గురించి చర్చే అక్కర్లేదు. మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకోటి చెప్పాలి: ఇంటిపేరు. ఇక్కడ ఇంటిపేరు చెబితే కులం చెప్పినట్టే. ఇంటిపేరు తీసేస్తే జోకులో పస మిగలకపోతే అది పార్టీ మీద వేసిన జోకు కాదు. మిగలడం లేదని రాసినవాడికీ తెలుసు.

స్క్రీన్‌షాట్ పెట్టక తప్పదనుకుంటే పేరు, నంబరు, డీపీ మూడూ మూసేయండి. వాట్సాప్‌లో మీరు సేవ్ చేసుకోని మనిషి నంబరు అతని మెసేజీ పైనే ఉంటుంది, కింద రిప్లై ఇచ్చినవాళ్లవి కూడా ఉంటాయి, వాటిని అందరూ మరిచిపోతారు. ఫోన్‌లో ఉండే మార్కర్ పెన్నుతో నల్లగా గీస్తే చాలదు. అది సగం పారదర్శకం, బ్రైట్‌నెస్ పెంచితే అంకెలు తేలుతాయి. బ్లర్ కూడా నమ్మదగింది కాదు. నిండు రంగు పెట్టె వేసి మూయండి, మూశాక ఆ బొమ్మకే మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి అది పంపండి. క్రాప్ చేసిన భాగాన్ని ఫైల్లోంచి తిరిగి రాబట్టే లోపం 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో బయటపడింది. కొత్త స్క్రీన్‌షాట్‌లో పాత బొమ్మ తాలూకు మిగులు ఉండదు. ఇంత చేసినా గుంటూరులాంటి ఊళ్లో వాక్యం చూసి మనిషిని గుర్తుపట్టేస్తారు. “వాడే, బ్రాడీపేట నాలుగో లైను” అని సాయంత్రానికల్లా తేలుస్తారు. అందుకే మాటల్ని యథాతథంగా పెట్టే బదులు సారాంశం చెప్పడం మేలు.

ఎక్కడ వేస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. పార్టీ ఫ్యాన్ పేజీ వేరు, కాలనీ వాట్సాప్ గ్రూపు వేరు. కాలనీ గ్రూపులో అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు, కార్పొరేటర్ ఉంటాడు, వార్డు సచివాలయం నుంచి ఒకరుంటారు. పొద్దున్నే ఒకావిడ “రెండు రోజులుగా కుళాయి నీళ్లు పచ్చగా వస్తున్నాయి” అని ఫొటో పెడుతుంది. కింద ఒకడు “రంగు కూడా వాళ్లదే” అంటాడు. జోకు బాగానే ఉంది. ఇంకొకడు పాత ప్రభుత్వంలో కుళాయి అసలు రాలేదంటాడు. నలభై మెసేజీల తర్వాత అడ్మిన్ విసిగిపోయి “అడ్మిన్లు మాత్రమే పంపగలరు” అన్న సెట్టింగు పెట్టేస్తాడు. నీళ్ల ఫొటో ఎక్కడో పైకి పోయింది, మర్నాడు ఇంకో ఫొటో పెట్టే చోటు లేదు. అదే జోకు ఫ్యాన్ పేజీలో వేసుంటే ఎవరి కుళాయీ ఆగేది కాదు.

ఫ్యాన్ పేజీల్లో వచ్చే ఇబ్బంది వేరే రకం. కోపంతో పెట్టే కామెంటు కూడా ఆ పోస్టుకి మేతే. ఫేస్‌బుక్ 2017 నుంచి కొన్నేళ్లు ఎమోజీ రియాక్షన్లకి మామూలు లైకుకి అయిదింతల విలువ ఇచ్చింది, అందులో కోపం బొమ్మ కూడా ఉంది. తర్వాత దాన్ని తగ్గించుకుంటూ వచ్చి 2020లో కోపం బొమ్మ విలువ సున్నా చేసింది. కామెంట్ల సంగతి అలా లేదు. వందమంది కలిసి ఒక చెత్త పోస్టు కింద నవ్వడానికి వెళ్తే ఆ పోస్టు ఇంకా ఎక్కువమందికి చేరుతుంది. నవ్వాలనుకుంటే మీ గోడ మీద నవ్వండి, లింకు ఇవ్వకండి.

చట్టం గురించి క్లుప్తంగా. చిరాకు కలిగించే పోస్టులకు కూడా శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, కాబట్టి చిరాకు కలిగించడం ఒక్కటే నేరం కాదు. 2025 మార్చి 28న, ఒక కవిత ఉన్న వీడియో పోస్టు చేసిన ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో అదే కోర్టు, మాటల ప్రభావాన్ని గట్టి మనసున్నవాళ్ల కొలతతో చూడాలి గానీ ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసేవాళ్ల కొలతతో కాదని చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉండే ఇలాంటి ఆరోపణల్లో ముందుగా 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరపడం సముచితమంది. అలాగని అన్నిటికీ గొడుగు లేదు. ఇంకొకరి పేరుతో ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పరువు తీయడానికి దొంగ లెటర్‌హెడ్డు చేస్తే భారతీయ న్యాయ సంహిత 336. వర్గాల మధ్య వైరం పెంచితే 196, పుకార్లకు 353, పరువు నష్టానికి 356. పాత 41ఏ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 35(3), పేరు మాత్రం జనం నోట్లో పాతదే. ఎక్స్‌లో పేరడీ ఖాతాలకి 2025 ఏప్రిల్ నుంచి ఆ మాట పేరు మొదట్లోనే ఉండాలన్న నియమం ఉంది. పేరు చివర్లో పెడితే ఫోన్ తెర మీద తెగిపోతుంది, మంచి నియమమే.

గమనించండి, ఈ సెక్షన్లేవీ నైతికతని తేల్చవు. కేసు పడని నీచమైన జోకులు బోలెడు, కేసు పడ్డ మంచి జోకులూ ఉన్నాయి.

ఇన్ని చేసినా ఒక్కోసారి జోకుని నమ్మేస్తారు. అప్పుడు ఏం చేయాలన్నది ముందే తెలిసుండాలి. వాట్సాప్‌లో రాతని మార్చుకోవడానికి 15 నిమిషాలే గడువు. అందరికీ డిలీట్ చేయడానికి రెండు రోజుల పైచిలుకు ఉంది, కానీ డిలీట్ చేస్తే మీ కాపీ పోతుంది, అప్పటికే ఫార్వార్డయినవి పోవు, గ్యాలరీల్లో దిగినవి పోవు. పైగా మీ అసలు పోస్టు మాయమైతే “నిజం కాబట్టే తీయించారు” అనే బ్యాచ్ ఒకటి తయారవుతుంది. అందుకని వెంటనే డిలీట్ కొట్టకుండా అదే బొమ్మ మీద అడ్డంగా, సగం ఎత్తున ఎర్రటి అక్షరాలతో “ఇది వెటకారం, నిజం కాదు” అని వేసి, పాత మెసేజీకి రిప్లైగా పెట్టండి. విడిగా రాసిన సవరణని ఎవరూ ఫార్వార్డ్ చేయరు, బొమ్మ అయితే కదులుతుంది. ఆ తర్వాత అసలుది తీసేయండి. ఫార్వార్డ్ చేశారని తెలిసినవాళ్లకి విడివిడిగా కొత్త బొమ్మ పంపి, వాళ్లు పెట్టిన గ్రూపుల్లో పెట్టమని అడగండి. “ఫార్వార్డెడ్ మెనీ టైమ్స్” అన్న జంట బాణం గుర్తు పడ్డ మెసేజీని ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తుంది వాట్సాప్. జోకు ఆ గుర్తు దాకా వెళ్లిపోయి ఉంటే సవరణ దాన్ని అందుకోవడం కష్టమే, మొదటి గంటలో చేసిన పనే పని. డబ్బుకో, ఆస్పత్రికో, రోడ్డుకో సంబంధించిన జోకైతే సంబంధిత సచివాలయానికో పోలీసు స్టేషనుకో మీరే ముందు చెప్పడం మంచిది, వాళ్లు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగొద్దు.

ఆ సవరణలో మాత్రం చమత్కారం చేయొద్దు. “మెట్రో వస్తుందని నమ్మిన మీకు జోహార్లు” లాంటిది రాశారంటే దాన్ని కూడా జోకులో భాగమే అనుకుని, రెండూ కలిపి ఫార్వార్డ్ చేస్తారు.